మన హాస్టల్ పిల్లల పళ్లు: చీటీ నుంచి కుర్చీ దాకా

ముందు వరుసల్లో కూర్చున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ మాటలు ముఖ్యంగా మీకే.

సాంస్కృతిక సభలో పళ్ల గురించి మాట్లాడతామని చెప్పగానే నిర్వాహకుల్లో ఒకరిద్దరు నవ్వారు. నవ్వనివ్వండి, నవ్వితేనే కదా పళ్లు కనపడేది. తీజ్ పాటల గురించీ కొమ్ము కోయ ఆట గురించీ మాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. మేము హాస్టల్ వార్డెన్లం. రాత్రి పదకొండు గంటలకు దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చే పిల్ల పక్కన కూర్చునే వాళ్లం. ఆ ఏడుపు ఇంటి మీద బెంగతో అయినా ఉంటుంది, కడుపు నొప్పితో అయినా ఉంటుంది, పంటి నొప్పితో అయినా ఉంటుంది. ఈ మూడోదాన్ని మేము చాలా ఏళ్లు లెక్కలోకే తీసుకోలేదు.

మేము హాస్టల్లో చదువుకున్న రోజులు 1990ల నాటివి. పొద్దున లేవగానే బొగ్గు పొడి, ఉప్పు, లేదంటే వేప పుల్ల. హాస్టల్ ఆవరణలో వేపచెట్టుకు చేతికందే కొమ్మలన్నీ ఎప్పుడూ బోడిగానే ఉండేవి. పన్ను నొస్తే పుచ్చులో లవంగం పెట్టేవాళ్లు. లవంగం లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లు పొగాకు నలిపి పెట్టేవాళ్లు. పై పన్ను పీకిస్తే కన్ను పోతుందని భయపెట్టేవాళ్లు, అందుకని పీకించేవాళ్లు కూడా కాదు. డాక్టరు వచ్చిన రోజున ఎత్తు, బరువు, కంటి రెప్ప, నులిపురుగుల మాత్ర. నోరు తెరవమన్న డాక్టరు మాకు ఒక్కరూ గుర్తుకు రావడం లేదు. తర్వాత మేము బీఈడీ చదివినప్పుడు కూడా పిల్లల శుభ్రత అంటే గోళ్లు, జుట్టు, యూనిఫాం వరకే నేర్చుకున్నాం.

ఇక్కడ ఒక మాట. మన పెద్దలు అడవి తిండి తిన్నారు, వాళ్లకు పంటి జబ్బులే లేవు అని సభల్లో అంటుంటారు. మేము ఒప్పుకోం. మా నాయనమ్మల కాలం వాళ్లలో బోసి నోళ్లు మేము చూశాం. పొగాకు నమిలి చిగుళ్లు కరిగిపోయినవాళ్లు ఎందరో. అయితే ఒక తేడా ఉంది. ఇప్ప పువ్వు, తునికి పండు, సీతాఫలం, ఇవన్నీ తియ్యనివే గానీ దేని కాలంలో అది వచ్చి పోయేవి. ఇప్పుడు తీపికి కాలం లేదు. హాస్టల్ గేటు బయట బడ్డీ కొట్టు ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది.

ఇక మార్పు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2010 నవంబర్ 14న జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది. బడిలోనే పిల్లలను పరీక్షించాలనే ఆలోచన అప్పుడు గట్టిగా వచ్చింది. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ తెచ్చింది. మనమంతా ఆర్‌బీఎస్‌కే అంటాం. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో 30 రకాల సమస్యలను వెతకాలి, దొరికితే వైద్యం ఉచితంగా చేయించాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పుచ్చు పళ్లు కూడా ఉన్నాయి. గుండె జబ్బుతో పాటు పిప్పి పన్నును కూడా ఒకే కాగితం మీద రాసిన రోజు అది. మా దృష్టిలో అది చిన్న విషయం కాదు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి ఆ బృందం రావాలి.

బృందంలో ఎవరుంటారో చాలామందికి తెలియదు. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్ఎం లేదా నర్సు, ఒక ఫార్మసిస్టు. అంతే, నలుగురు. పళ్ల డాక్టరు ఉండరు. వాళ్లు టార్చి వేసి నోట్లో చూస్తారు, నల్ల మచ్చ గానీ గుంట గానీ కనిపిస్తే చీటీ రాస్తారు. వాళ్ల పని అంతవరకే, అది వాళ్లు చేస్తున్నారు. ఒక్క రోజులో ఒక బడి పిల్లలందరినీ తల నుంచి కాలి దాకా చూసే మనిషి నోటి దగ్గర ఎంతసేపు ఆగగలరో మీరే ఊహించండి.

2014-15 నుంచి జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కూడా ఉంది. జిల్లా దవాఖానల్లో, అంతకన్నా చిన్న దవాఖానల్లో పళ్ల విభాగాలు పెట్టడానికి రాష్ట్రాలకు సాయం చేయడం దాని ఉద్దేశం. 2018లో ఊళ్లలోని ఉపకేంద్రాలను ఆరోగ్య కేంద్రాలుగా మార్చే పథకం వచ్చినప్పుడు అక్కడ అందించాల్సిన 12 రకాల సేవల్లో నోటి ఆరోగ్యం ఒకటిగా చేర్చారు. కాగితం మీద చూస్తే, మన చిన్నప్పటితో పోల్చుకుంటే ఎక్కడికో వచ్చేశాం.

కాగితానికీ పళ్ల డాక్టరు కుర్చీకీ మధ్య ఏమవుతుందో ఇప్పుడు చెప్తాం. ఇది మా తప్పు కథ, అందుకే వివరంగా చెప్తాం.

ఆరో తరగతి పిల్ల. పేరు వద్దు. జూలైలో బృందం వచ్చింది, కింది దవడలో ఎడమ పక్క పన్ను పుచ్చిందని చీటీ రాసి ఇచ్చింది. ఆ రోజు మాకు అలాంటి చీటీలు చాలా వచ్చాయి. కళ్లద్దాలకు కొన్ని, రక్తహీనతకు కొన్ని, పళ్లకు అన్నిటికన్నా ఎక్కువ. కళ్లద్దాల పని వెంటనే చూశాం, ఎందుకంటే బోర్డు కనపడకపోతే చదువు పోతుంది. రక్తహీనతకు మాత్రలు ఇప్పించాం. పళ్ల చీటీలు ఫైల్లో పెట్టాం. పాల పన్నే అయి ఉంటుంది, దానంతట అదే ఊడిపోతుందిలే అనుకున్నాం. ఫైలుకు తాడు కట్టాం.

డిసెంబరులో వంట మనిషి వచ్చి చెప్పింది, ఆ పిల్ల గుడ్డు వదిలేస్తోంది మేడం, అన్నం కూడా పప్పులో పిసికి మింగుతోంది అని. అప్పటికీ మేము ఒక మాత్ర ఇచ్చి పడుకోమన్నాం. మూడో రోజుకు చెంప వాచింది, జ్వరం వచ్చింది, కన్ను సగం మూసుకుపోయింది. అప్పుడు పరిగెత్తాం. తీసుకెళ్లిన దవాఖాన పేరు చెప్పం. అక్కడ డాక్టరు ఉన్నారు గానీ కుర్చీ పనిచేయడం లేదు. మందులు రాసి, వాపు తగ్గాక రమ్మన్నారు. రెండోసారి వెళ్లేసరికి సెలవు. తల్లి పత్తి ఏరే కూలి వదులుకుని రెండుసార్లూ వచ్చింది. మూడోసారి వేరే చోటికి వెళ్లాం. అక్కడి డాక్టరు నోట్లో చూసి మమ్మల్ని అడిగారు, ఇది ఏ పన్నో మీకు తెలుసా అని.

తెలియదు. అది పాల పన్ను కాదు. ఆరేళ్లకు, ఒక్క పాల పన్ను కూడా ఊడకుండానే, వాటన్నిటికీ వెనక నిశ్శబ్దంగా వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను. పాత పన్ను ఊడి దాని చోట వచ్చేది కాదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు, దాన్ని పాల పన్నే అనుకుంటారు. పైన రెండు, కింద రెండు. నమిలే పనిలో ఎక్కువ భాగం వాటిదే. జీవితాంతం ఉండాల్సింది. జూలైలో వెళ్లి ఉంటే చిన్న సిమెంటుతో నిలిచేది. డిసెంబరులో పీకేశారు. ఆ పిల్లకు అప్పుడు 11 ఏళ్లు.

పన్ను చేతిలో పట్టుకుని బస్సెక్కింది. ఇంటి దగ్గర పైకప్పు మీద వేయాలా మేడం అని అడిగింది. పాల పన్నయితే అలా వేస్తారు కదా. ఏం చెప్పాలో మాకు తోచలేదు.

మన పిల్లల్లో ఇది అరుదు కాదు. 2002-03లో దంత వైద్య మండలి దేశమంతా చేయించిన సర్వేలో 12 ఏళ్ల పిల్లల్లో నూటికి 53.8 మందికి పుచ్చు ఉందని తేలింది, 15 ఏళ్ల వాళ్లలో 63.1. అంటే వయసుతో పాటు పెరుగుతోంది. పుచ్చు ఎక్కువగా ఉన్నది పెద్ద చదువులు చదివిన నాన్నల ఇళ్లలోనా, మన ఇళ్లలోనా అన్నది కాదు ప్రశ్న. పుచ్చిన తర్వాత వైద్యం ఎవరికి అందుతోంది అన్నదే తేడా.

ఆ డిసెంబరు తర్వాత మేము రెండు పనులు చేశాం. ఒకటి, చీటీలకు ఫైలు తీసేసి నోటుబుక్కు పెట్టాం. పిల్ల పేరు, ఏ పన్ను, చీటీ రాసిన తేదీ, దవాఖానకు తీసుకెళ్లిన తేదీ, ఏం చేశారు. చివరి గడి ఖాళీగా ఉన్నంత కాలం ఆ పేరు మాకు రోజూ కనపడుతుంది. రెండోది నవ్వొస్తుంది గానీ నిజం. బల్బు వేయించాం. రాత్రి పడుకునే ముందు పళ్లు తోమండి అని ఎన్నేళ్లుగానో చెప్తున్నాం, ఎవరూ తోమడం లేదు. పిల్లలు మొండివాళ్లని అనుకున్నాం. ఒక చిన్న పిల్ల చెప్పింది, నల్లాల దగ్గర చీకటి మేడం, పాములొస్తాయి అని. బల్బు పోయి ఎన్నాళ్లయిందో మేమూ గమనించలేదు. బల్బు పెట్టిన వారానికి సగం మంది తోముతున్నారు. పెద్దమ్మాయిలను ఒక్కొక్కరికి అయిదుగురు చిన్నపిల్లల చొప్పున అప్పగించాక మిగతా సగం కూడా వచ్చారు. లాలాజలం రాత్రిపూట తక్కువ ఊరుతుంది, అందుకే నోట్లో మిగిలిన తీపి రాత్రే ఎక్కువ పాడు చేస్తుంది. పొద్దున తోమడం నోటి వాసనకు మంచిది, రాత్రి తోమడం పంటికి మంచిది.

పేస్టు, బ్రష్షుల డబ్బు గురించి కూడా చెప్పాలి. మూడు నుంచి ఏడో తరగతి ఆడపిల్లకు నెలకు కాస్మెటిక్ చార్జీలు 55 రూపాయలుగా ఉన్న రోజుల్లో సబ్బు, నూనె, షాంపూ పోగా పేస్టుకు మిగిలేది తక్కువ. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకే బ్రష్షు వాడటం మేము చూశాం. 2024 చివర్లో ప్రభుత్వం ఆ మొత్తాన్ని 175 చేసింది, ఎనిమిది నుంచి పదో తరగతి వాళ్లకు 75 నుంచి 275 చేసింది. పెరిగిన డబ్బులో బ్రష్షు వాటా ఉందా లేదా అన్నది చూడాల్సింది మేమూ, అడగాల్సింది పిల్లలూ. మూడు నెలలకో బ్రష్షు మార్చాలి. పళ్లు విచ్చుకున్న చీపురుతో ఇల్లు ఊడిస్తే ఎలా ఉంటుందో, కుచ్చు విడిపోయిన బ్రష్షుతో తోమితే అలాగే ఉంటుంది.

పేస్టు కొనేటప్పుడు గొట్టం మీద ఫ్లోరైడ్ ఎంతో చదవండి. మన దేశ నిబంధనల ప్రకారం ఆ అంకె ముద్రించాలి, 1000 పీపీఎం దాటకూడదు. 1000కి దగ్గరగా ఉన్నది తీసుకోండి. ఈ మాట చెప్పగానే చదువుకున్న తమ్ముళ్లు అడుగుతారు, ఫ్లోరైడ్ విషం కదా, నల్లగొండ చూడలేదా అని. మంచి ప్రశ్న. ఫ్లోరైడ్ నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి, పంటి మొగ్గ ఏర్పడే వయసులో ఏళ్ల తరబడి కడుపులోకి పోతే పళ్లకు గార పడుతుంది, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. ఆ బాధ తెలుగువాళ్లకు కొత్త కాదు. 1937లోనే ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో దాన్ని డాక్టర్లు గుర్తించి రాశారు. పేస్టు కడుపులోకి పోయేది కాదు. పంటి పైపొరకు తగిలి దాన్ని గట్టి చేసేది. బఠాణీ గింజంత పెట్టాలి, ఉమ్మేయాలి. మింగకూడదు. మా హాస్టల్లో కొందరు పిల్లలకు పేస్టు మిఠాయి కింద లెక్క, గొట్టం త్వరగా అయిపోతే మాకు అనుమానం వస్తుంది.

వేప పుల్ల వద్దంటున్నామా? వద్దనడం లేదు. ఓపికగా నమిలి, లోపలి వైపు కూడా రుద్దితే శుభ్రమే. కానీ అందులో ఫ్లోరైడ్ లేదు. పొద్దున పుల్ల, రాత్రి పేస్టు అని మేము పిల్లలతో రాజీకి వచ్చాం. బొగ్గు పొడి, ఇటుక పొడి మాత్రం వద్దు, పైపొర అరిగిపోతుంది. పొగాకు కలిపిన పళ్లపొడిని మన దేశంలో 1992లోనే నిషేధించారు. ఇంకా ఎక్కడైనా అమ్మితే అది చట్టవిరుద్ధం. బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 చట్టం చెప్తోంది. ఆ గజాలు కొలిచే పని మీరు తీసుకుంటారా, ఆలోచించండి.

ఆదివారం వచ్చే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. బిస్కెట్లు, పది రూపాయల కూల్‌డ్రింకు ప్రేమతోనే తెస్తారు, మాకు తెలుసు. తినే తీపి కన్నా తినే సార్లు ఎక్కువ హాని చేస్తాయి. ఒకేసారి తిని నోరు పుక్కిలిస్తే కొంత నయం, ట్రంకు పెట్టెలో దాచుకుని వారమంతా చప్పరిస్తే పంటికి ఊపిరాడదు. శనగలు, పల్లీలు తెండి. జామకాయలు తెండి.

ఇప్పుడు ప్రపంచంలో వచ్చిన మార్పు ఒకటి చెప్తాం, ఎందుకంటే అది మనలాంటి చోటుకే పనికొస్తుంది. పుచ్చు అనగానే మనకు కరెంటు కుర్చీ, గిర్రున తిరిగే డ్రిల్లు గుర్తొస్తాయి. 1980ల నడుమ ఆఫ్రికాలోని టాంజానియాలో, కరెంటు లేని ఊళ్ల కోసం, చేతి పనిముట్లతోనే మెత్తబడిన భాగాన్ని గీకి సిమెంటు నింపే పద్ధతి తయారు చేశారు. సూది, డ్రిల్లు ఏమీ అక్కర్లేదు, బడి బెంచీ మీద పడుకోబెట్టి చేయొచ్చు. ఇంకొకటి, సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే చుక్కల మందు. పుచ్చు మీద అద్దితే అది అక్కడితో ఆగుతుంది. ఆ చోట నల్లగా అవుతుంది, అదొక్కటే ఇబ్బంది. నొప్పి ఉండదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఈ చుక్కల మందునూ, ఆ సిమెంటునూ, ఫ్లోరైడ్ పేస్టునూ చేర్చింది. మా హాస్టల్ గడప ఇంకా ఇవి తొక్కలేదు. ఆర్‌బీఎస్‌కే బృందంతో పాటు ఏడాదికి ఒక్క రోజు ఒక పళ్ల డాక్టరు ఈ రెండింటితో వస్తే మా నోటుబుక్కులో సగం గడులు ఆ రోజే నిండుతాయి. ఈ మాట అధికారుల సమావేశంలో అడిగాం. మీ సంఘం తరఫున కాగితం మీద అడిగితే బరువు వేరుగా ఉంటుంది.

న్యూజిలాండ్‌లో 1921లో ఏం చేశారంటే, బడి పిల్లల పళ్ల కోసమే యువతులకు రెండేళ్ల శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. డాక్టర్లు ఊళ్లకు రారు కాబట్టి ఊళ్లకు వెళ్లే మనుషులను తయారు చేసుకున్నారు. పిల్లలు ఆ గదులకు భయంకరమైన పేరు పెట్టారట, అది వేరే సంగతి. మన దగ్గర డెంటల్ హైజీనిస్టు అనే రెండేళ్ల చదువు ఉందని మీలో ఎంతమందికి తెలుసు? నీట్ రాసి ఎంబీబీఎస్ సీటు రాకపోతే, బీడీఎస్ వచ్చిందని మొహం చిన్నబుచ్చుకునే పిల్లలను చూశాం. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. 2022 నుంచి తెలంగాణలో మనకు 10 శాతం రిజర్వేషన్ ఉంది. మన పిల్ల నోరు తెరిచి తన భాషలో నొప్పి చెప్తే, అదే భాషలో బదులు చెప్పే పళ్ల డాక్టరు కారేపల్లి చుట్టుపక్కల ఒక్కరున్నా మా కళ్లతో చూడాలని ఉంది.

భాష సంగతి వచ్చింది కాబట్టి అసలు అడగాలనుకున్నది అడిగేస్తాం. చిన్న పిల్లలు దవాఖానలో నోరు విప్పరు. ఎప్పటి నుంచి నొస్తోంది, వేడికా, చల్లకా, రాత్రా, పగలా అని డాక్టరు తెలుగులో అడుగుతారు, పిల్ల మా మొహం చూస్తుంది. మాకు లంబాడీ వచ్చు, కోయ సరిగ్గా రాదు. హాస్టల్లో వంద మందికి పైగా పిల్లలను వదిలి, అయిదుగురిని తీసుకుని రోజంతా పోవడం ఒక్క వార్డెనుకు అయ్యే పని కాదు. తల్లులు వస్తే కూలి పోతుంది. అందుకే చీటీలు ఆగిపోతున్నాయి. డాక్టర్లు లేక ఆగేవి కొన్నే, తోడు లేక ఆగేవి ఎక్కువ.

డిగ్రీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నెలకు ఒక్క రోజు. కోయ వచ్చినవాళ్లు ఒకరు, లంబాడీ వచ్చినవాళ్లు ఒకరు. తల్లిదండ్రుల అనుమతి కాగితం, ఆధార్ నకలు, చీటీ, ఛార్జీలు మేము సిద్ధం చేస్తాం. వెళ్లే ముందు రోజు దవాఖానకు ఫోన్ చేసి డాక్టరు ఉన్నారా, కుర్చీ పనిచేస్తోందా అని అడగడం కూడా మా పనే, ఆ పాఠం మేము బాగానే నేర్చుకున్నాం. ఆడపిల్లలతో పాటు మా ఆయా తప్పకుండా వస్తుంది. మీరు చేయాల్సింది వరుసలో నిలబడటం, పిల్ల చెప్పింది డాక్టరుకు చెప్పడం, డాక్టరు చెప్పింది రాసుకు రావడం.

నోటుబుక్కు ఇదిగో, తెచ్చాం. ఈ ఏడాది చివరి గడి ఖాళీగా ఉన్న పేర్లు 14. వాటిలో తొమ్మిది ఆ ఆరేళ్ల పన్నువే. వచ్చే మంగళవారం మొదటి అయిదుగురిని తీసుకెళ్తున్నాం. పొద్దున ఏడు గంటలకు హాస్టల్ గేటు దగ్గర నుంచి బయల్దేరతాం. సభ అయ్యాక నోటుబుక్కు ఈ బల్ల మీదే ఉంటుంది, పక్కనే పెన్ను కూడా పెట్టాం.